కైసెకి: చప్పగా అనిపించే ఆ భోజనం వెనక లెక్క

జపాన్‌లోని క్యోటోలో ఒక పూట కైసెకి భోజనానికి 30,000 యెన్లు పెట్టి బయటికొచ్చాక మన నాలుక ముందుగా అనే మాట "చప్పగా ఉంది" అనే. అందులో అబద్ధమేమీ లేదు. పది పన్నెండు వంటకాలు వస్తాయి, రెండున్నర గంటలు పడుతుంది, వాటిలో ఎక్కడా మిరపకాయ ఘాటు తగలదు, పోపు వాసన రాదు, నూనె ఒకటి రెండు చోట్ల తప్ప కనపడదు. అన్నం కోసం చూస్తుంటే అది చిట్టచివర్న, కడుపు దాదాపు నిండాక వస్తుంది. అయితే ఆ చప్పదనం ఏమరుపాటున వచ్చింది కాదు, ఎంతో శ్రమపడి తెచ్చింది. దాని లెక్క ఒక్కటి పట్టుబడితే మిగతా చిక్కుముళ్ళు వాటంతటవే వదులవుతాయి: వంటకాల వరస ఎందుకలా ఉంటుంది, శాకాహారం అనగానే వంటవాళ్ళు ఎందుకు తల పట్టుకుంటారు, పావుగంట ఆలస్యానికి అంత రాద్ధాంతం ఎందుకు.

ముందు పేర్ల సంగతి. బుకింగ్ దగ్గరే ఇవి తికమక పెడతాయి. జపాన్‌లో మెనూ చూసి ఎంచుకోకుండా, వచ్చింది వచ్చినట్టు తినే ఖరీదైన భోజనాన్నంతా బయటివాళ్ళు "ఒమకసె" అనేస్తుంటారు. ఒమకసె అంటే "మీకే వదిలేస్తున్నాను" అని. అది వంట పేరు కాదు, ఆర్డరిచ్చే తీరు. సుషి కౌంటరు దగ్గర ఒమకసె అంటే పదిహేను ఇరవై సుషి ముక్కలు, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టినవి, ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి. కైసెకి అంటే వేరు. చారు, పచ్చి చేప, కాల్చింది, ఉడికించింది, ఆవిరి పట్టింది, అన్నం, ఇలా వంట పద్ధతుల వరస ముందే ఖాయమైపోయిన విందు అది.

కైసెకి మాటకు మళ్ళీ రెండు రాతలున్నాయి, పలకడం ఒకటే. మొదటిదానికి "రొమ్ము దగ్గరి రాయి" అని అర్థం. ఆకలి తెలియకుండా జెన్ బౌద్ధ సన్యాసులు వేడి రాయిని బట్టల మడతలో పెట్టుకునేవారన్న కథ దాని వెనక ఉంది. సెన్ నో రిక్యూ (1522–1591) తీర్చిదిద్దిన తేనీటి వేడుకలో, చిక్కటి మచ్చా ఖాళీ కడుపు మీద పడకూడదని ముందుగా పెట్టే చిన్న భోజనం ఇది. ఒక చారు, మూడు వంటకాలు. ఇందులో అన్నం మొదటే వస్తుంది, అదీ రెండు ముద్దలంత. రెండో రాతకు "జనం కూడిన చోటు" అని అర్థం. ఎడో కాలంలో, అంటే 17–19 శతాబ్దాల్లో, కవితా గోష్ఠులకు చేరినవాళ్ళ విందు అది. అక్కడ సాకె అనే బియ్యపు మద్యం తాగడమే ప్రధానం, జపాన్ లెక్కలో సాకెకూ అన్నానికీ పొసగదు, రెండూ బియ్యమే కదా. అందుకని అన్నం చివరికి జరిగింది. ఇవాళ రెస్టారెంట్లలో దొరికేది నూటికి తొంభై పాళ్ళు ఈ రెండో రకమే, మొదటిదాని నియమాలు కొన్ని కలుపుకుని.

తినే చోటులోనూ తేడా ఉంది. ర్యోతెయ్ అంటే తోట, తతామి చాపలు, మీకొక్కరికే ఒక గది. కప్పో అంటే కౌంటరు, అవతల వంటవాడు కోస్తూ వండుతూ ఉంటాడు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు కప్పోయే నయం. ఏది ఎందుకు చేస్తున్నారో కళ్ళతో చూడొచ్చు, అడిగితే చెబుతారు, కాళ్ళు మడిచి రెండు గంటలు కూర్చోనక్కర్లేదు.

ఆరో రుచి

ఉగాది పచ్చడిలో మనం ఆరు రుచులు లెక్కపెడతాం. జెన్ మఠాల వంటశాలల లెక్కలోనూ ఆరే ఉన్నాయి. 1237లో దోగెన్ అనే గురువు మఠంలో వంట చేసేవాడి విధుల మీద రాసినదాంట్లో ఆ లెక్క కనపడుతుంది. తీపి, పులుపు, కారం, ఉప్పు, చేదు దాకా మనకూ వాళ్ళకూ ఒకటే. ఆరోదాని దగ్గర దారులు చీలతాయి. మనం వగరు అన్నచోట వాళ్ళు "తన్" అంటారు. పలుచన, తేలిక, చప్పన, మూడూ కలిసిన మాట అది. వంకాయ వంకాయలాగా, ముల్లంగి ముల్లంగిలాగా రుచి చూపించేంత వరకు మిగతా ఐదూ వెనక్కి తగ్గి నిలబడడం. వాళ్ళకు అది రుచి లేకపోవడం కాదు, పేరు పెట్టి లెక్కించిన ఒక రుచి.

మఠం వంటను దాటి ఈ "తన్" ఖరీదైన రెస్టారెంటులో నిలబడడానికి ఒక ఆధారం కావాలి. వట్టి నీళ్ళలో ఉడికించిన ముల్లంగికి ఎవరూ డబ్బివ్వరు. ఆ ఆధారమే దాషి. కైసెకిలో వచ్చే పన్నెండు వంటకాల్లో ఎనిమిది తొమ్మిదింటిలో అది ఏదో ఒక రూపంలో ఉంటుంది.

దాషి చెయ్యడం వింటే ఇంతేనా అనిపిస్తుంది. లీటరు నీళ్ళకు పదిహేను గ్రాముల కొంబు, అంటే హొక్కైదో తీరంలో పెరిగే వెడల్పాటి సముద్రపు నాచు, ఎండబెట్టింది. నీళ్ళు 60 డిగ్రీల దగ్గర ఉంచి గంటసేపు నానబెడతారు. నాచు తీసేసి 80, 85 డిగ్రీలకు తెచ్చి పొయ్యి ఆపేస్తారు. పాతిక, ముప్పై గ్రాముల కత్సువోబుషి వేస్తారు. కత్సువో అనే ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, మంచి రకానికైతే బూజు పట్టించి ఎండబెట్టి, మళ్ళీ పట్టించి, నెలల తరబడి చేస్తే చెక్కలాగా గట్టిపడుతుంది. ఐదు కిలోల చేప చివరికి కిలోకు తక్కువే మిగులుతుంది. దాన్ని చిత్రిక పట్టినట్టు పల్చగా చెక్కిన పొట్టే ఇది. వేసి పది సెకన్లు, మహా అయితే నిమిషం ఆగి గుడ్డలో వడకడతారు. పిండరు.

చెడేది ఇక్కడే. నీళ్ళు మరిగితే కొంబు నుంచి జిగురు దిగి, సముద్రపు ఒడ్డున కుళ్ళిన నాచు వాసన వస్తుంది. పొట్టు ఎక్కువసేపు ఉంటే పులుపు, గుడ్డను పిండితే చేదుతో పాటు మసక. నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే కొంబు సారం సరిగా దిగదు. క్యోటో నీళ్ళు మెత్తనివి, టోక్యో నీళ్ళు కాస్త గట్టివి. అందుకే టోక్యోలో శాఖ తెరిచిన క్యోటో వంటవాళ్ళలో నీళ్ళను సైతం క్యోటో నుంచే తెప్పించుకున్నవాళ్ళున్నారు. బోరు నీళ్ళతో పప్పు ఉడకక ఇబ్బందిపడ్డ ఇంట్లోవాళ్ళకు ఇది విడ్డూరంగా తోచదు.

దీని రసాయనం తేలడం మొదలైంది టోక్యోలోనే. 1908లో ఇకెదా కికునయె కొంబు నుంచి గ్లుటమేటును విడదీసి ఆ రుచికి "ఉమామి" అని పేరు పెట్టాడు. 1913లో కొదమ షింతారో కత్సువోబుషిలోని సంగతి ఇనోసినేటు అని తేల్చాడు. 1957లో కునినక అకిరా షీతకె పుట్టగొడుగుల్లోని గ్వానిలేటును కనిపెట్టడంతో పాటు అసలు కిటుకు బయటపెట్టాడు: గ్లుటమేటుతో మిగతా రెంటిలో ఏది కలిసినా నాలుకకు తెలిసే రుచి కూడికలాగా కాక హెచ్చవేతలాగా పెరుగుతుంది. వంటవాళ్ళు శతాబ్దాలుగా నాచునూ చేపనూ జోడించి చేస్తున్న పని ఇదే. మన టమాటా చారులోనూ గ్లుటమేటు ఉంది, పండు ఎర్రబడేకొద్దీ పెరుగుతుంది కూడా. కాకపోతే చింతపండు, మిరియాలు, ఇంగువ ముందు వరస ఆక్రమించేస్తాయి, అది వెనక కూర్చుని బలమిస్తుంది. దాషిలో ముందు వరసలో ఎవరూ ఉండరు. మన నాలుకకు చప్పగా తగిలేది ఆ ఖాళీయే.

మూత తీయడం

కైసెకి మొత్తానికి శిఖరం ఏదంటే చాలామంది వాగ్యూ గొడ్డుమాంసమో, పచ్చి ట్యూనా కొవ్వు ముక్కో అనుకుంటారు. వంటవాళ్ళనడిగితే మాత్రం "వన్" అంటారు. వరసలో రెండోదో మూడోదో వచ్చే మూతగిన్నె చారు. వంటశాల స్థాయిని కొలవాలంటే దాన్ని చూస్తారు. దాపరికానికి తావులేని వంటకం అది. పలచటి దాషి, ఒక శాతం లోపు ఉప్పు, రెండు చుక్కల లేత రంగు సోయా సాస్, అంతే. తప్పు జరిగితే దాక్కోవడానికి చోటుండదు.

అది తినడానికో తీరు ఉంది, అందులో ప్రతిదానికీ కారణముంది. గిన్నె చెక్కది, ఉరుషి అనే చెట్టు పాల పూత వేసింది. చెక్క వేడిని చేతికి పోనివ్వదు, లోపలి చారు చల్లారదు. మూత మీద సన్నని నీటి తుంపర చల్లి ఉంటుంది; వంటింట్లో మూత పెట్టాక ఎవరూ తెరవలేదనడానికి అది గుర్తు. లోపలి ఆవిరి చల్లబడడంతో మూత బిగుసుకుపోతుంది. ఊపి లాగితే చారు ఒలుకుతుంది. ఎడమ చేత్తో గిన్నె అంచును రెండు వైపులా కొద్దిగా నొక్కండి, చెక్క అణుమాత్రం వంగి గాలి లోపలికి పోతుంది, మూత దానంతటదే వదులుతుంది. మూతను ఒక పక్కకు వాల్చి, దాని లోపలి నీటిబొట్లు గిన్నెలో పడేలా ఒక్క క్షణం పట్టుకుని, బోర్లా తిప్పి కుడిపక్కన పెట్టండి.

ఆ క్షణంలో వచ్చే వాసన కోసమే ఇదంతా. చారులో తేలే యుజు అనే నిమ్మజాతి పండు తొక్క ముక్క గోరంత ఉంటుంది. వసంతంలోనైతే సన్షో చెట్టు లేతాకు ఒకటి. మూత కింద పోగైన ఆ వాసన ఒక్కసారే, రెండు సెకన్లు ఉండి పోతుంది. ఫోను తీసి ఫొటో సర్దుకునేలోపు అయిపోతుంది. ఫొటో తర్వాత తీసుకోవచ్చు, గిన్నె ఎక్కడికీ పోదు. ముందు లోపలి ముక్క జోలికి పోకుండా ఒక గుక్క చారు తాగాలి. మొదటి గుక్కకు ఉప్పు తక్కువనిపిస్తుంది. అలా అనిపించాలనే వంటవాడు కొలిచాడు. లోపలి చేప ముక్కలోని ఉప్పు కొద్దికొద్దిగా దిగుతుంది, చివరి గుక్క వచ్చేసరికి సరిపోతుంది. మొదటి గుక్కే సరిగ్గా ఉంటే చివరి గుక్క ఉప్పన. ఇంతగా లెక్కవేసిన గిన్నెలో సోయా పోసుకోవడం గురించి వేరే చెప్పాలా?

అయిపోయాక మూత మళ్ళీ మామూలుగా పెట్టెయ్యాలి. తిరగేసి పెడితే పూత గీసుకుంటుంది. ఈ గిన్నెల కోసమే చేతులకు గాజులు, రాళ్ళ ఉంగరాలు లేకుండా వెళ్ళడం మంచిది. కొన్ని గిన్నెలు నూరేళ్ళ నాటివి, వాటి ధర భోజనం ధరకు ఎన్నో రెట్లు.

వరసలో మిగతావి

మొదట సకిజుకె, రెండు మూడు ముద్దల ఆరంభం. హస్సున్ అనేది పేరుకు ఎనిమిది సున్‌ల పలక. సున్ అంటే మూడు సెంటీమీటర్లు, అంటే సుమారు 24 సెంటీమీటర్ల చదరపు దేవదారు పళ్ళెం. తేనీటి భోజనంలో దాని మీద సముద్రానిదొకటి, కొండదొకటి, రెండే ఉంటాయి. రెస్టారెంట్లలో అది ఐదారు చిన్న వంటకాల ప్రదర్శనగా మారింది. ఆ నెల ఏమిటో అందులో తెలుస్తుంది: ఆకు, పువ్వు, గిన్నె ఆకారం, అన్నీ ఋతువును బట్టే. పదార్థాన్ని కూడా మూడు దశలుగా చూస్తారు. అప్పుడే మార్కెట్లోకి దిగింది "హషిరి", నిండుగా ఉన్నది "షున్", వెళ్ళిపోతున్నది "నగొరి". మామిడికాయలు దిగగానే ధర చూడకుండా కొనేవాళ్ళకు హషిరి అంటే ఏమిటో వివరించక్కర్లేదు.

జులైలో క్యోటో వెళ్తే తప్పక తగిలేది హమో. పాములాగా పొడవుండే సముద్రపు చేప. గియొన్ ఉత్సవానికి హమో పండగని ఇంకో పేరు. క్యోటోకు సముద్రం దూరం, మంచు పెట్టెలు లేని రోజుల్లో వేసవిలో అంత దూరం ప్రాణంతో చేరగలిగిన గట్టి చేప ఇదొక్కటే. చిక్కల్లా ముళ్ళతో. ఒళ్ళంతా సన్నటి ముళ్ళు, ఏరడం అయ్యే పని కాదు. అందుకని బరువైన కత్తితో, చర్మం తెగకుండా, మూడు సెంటీమీటర్లకు ఇరవై నాలుగు కోతలు పెడతారు. కత్తి దిగినప్పుడల్లా "షరి షరి" మని ముళ్ళు తెగే చప్పుడు వినిపిస్తుంది. కోత లోతు తగ్గితే ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది, ఎక్కువైతే చర్మం తెగి ముక్క చెదురుతుంది. సరిగ్గా కుదిరిన ముక్కను వేడినీళ్ళలో వెయ్యగానే తెల్లటి పువ్వులాగా విచ్చుకుంటుంది. చారు గిన్నెలో ఉండేది చాలాసార్లు అదే.

పచ్చి చేప విషయంలో ఒక అపోహ ఉంది: ఎంత తాజా అయితే అంత రుచి అని. అప్పుడే చంపిన చేప నములుడుకు బాగుంటుందే కాని రుచి తక్కువ. చనిపోయాక కండరంలోని శక్తి పదార్థం విరిగి ఇనోసినేటుగా మారడానికి సమయం పడుతుంది. అందుకే మెదడు పొడిచి, రక్తం తీసి, వెన్నులో తీగ దూర్చి చంపిన చేపను తెల్లకండ రకమైతే ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచుతారు. వసాబి ఎలా తినాలంటే, చేప ముక్క మీద ఇంత పెట్టుకుని, అంచు మాత్రం సోయాలో అద్దాలి. సోయాలో కలిపేస్తే ఘాటు పోతుంది. అసలు వసాబి దుంపను నూరిన పావుగంటలోనే దాని ఘాటు దిగిపోవడం మొదలవుతుంది, అందుకే అది ఎప్పటికప్పుడు మీ ఎదురుగా నూరుతారు.

కాల్చిన వంటకం వేసవి మొదట్లో అయు. ఏటి చేప, ఆయుష్షు ఒక్క ఏడాది, రాళ్ళ మీది నాచు తిని బతుకుతుంది, దాని ఒంటికి దోసకాయ వాసన. ఈదుతున్నట్టు మెలితిప్పి పుల్లకు గుచ్చి, రెక్కలు మాడకుండా ఉప్పు అద్ది, బొగ్గుల మీద కాలుస్తారు. తలతో, పేగులతో సహా తింటారు. ఆ చేదు కావాలని ఉంచింది. కాకరకాయ చేదు పిండి పారెయ్యకుండా వండుకునేవాళ్ళకు ఇది నచ్చుతుంది.

ఇక జనం పెద్దగా పట్టించుకోనిది, మా లెక్కలో చారు తర్వాత అంత గొప్పది, తకిఅవసె. నాలుగు కూరగాయలు ఒకే గిన్నెలో కలిసి వస్తాయి కాని కలిపి వండరు. వంకాయకు ఒక గిన్నె, గుమ్మడికి ఒకటి, చేమదుంపకు ఒకటి, ప్రతిదానికీ వేరే పాళ్ళలో దాషి, ఉప్పు, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం. ఉడికాక అందులోనే చల్లారనిస్తారు, ఎందుకంటే రుచి లోపలికి దిగేది చల్లారేటప్పుడే. మళ్ళీ వెచ్చబెట్టి చివర్లో ఒకచోట చేరుస్తారు. క్యోటోలో శీతాకాలపు ఎబిఇమో అంటే మన చేమదుంపల కుటుంబమే, రొయ్యలాగా వంగి, మీద చారలతో ఉంటుంది. జిగురు నీళ్ళు పోయేదాకా ఒకసారి విడిగా ఉడికించి, తర్వాత దాషిలో వేస్తారు. ముద్ద విరిస్తే విరుగుతుంది, నోట్లో వెన్నలాగా పోతుంది, అయినా చేమదుంప రుచే ఉంటుంది. వేపుడు తప్ప చేమదుంపకు వేరే గతి లేదనుకునేవాళ్ళు ఒకసారి తిని చూడాలి.

అన్నం వచ్చిందంటే విందు ముగింపుకొచ్చింది. మట్టికుండలో మీ బల్ల దగ్గరకే తెచ్చి మూత తీస్తారు. శరదృతువులో మత్సుతకె పుట్టగొడుగులతో, వసంతంలో లేత వెదురు మొలకలతో వండుతారు. దాంతో పాటు ఊరగాయ, "తొమెవన్" అనే మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు. ఆ పేరుకే "ఆపే గిన్నె" అని అర్థం, ఇక సాకె ఆపండని. మన భోజనం పెరుగన్నంతో ముగిసినట్టే అనుకోవచ్చు. అడుగంటిన మాడు చెక్క అడిగి తీసుకోండి, దానికి అక్కడా అభిమానులున్నారు. మిగిలిన కలిపిన అన్నాన్ని ముద్దలు చేసి పొట్లం కట్టిచ్చే చోట్లూ ఉన్నాయి. తర్వాత ఒక పండు ముక్క, చివరికి మచ్చా.

సుషి కౌంటరు గురించి క్లుప్తంగా. అక్కడ లెక్క దాషిది కాదు, అన్నానిది. వినిగర్ కలిపిన అన్నం ఒంటి వేడిలో ఉంటుంది, చేప చల్లగా. రెండూ కలిసి ఉండే సమయం సెకన్లలోనే. ముక్క ముందు పెట్టి పక్కవారితో కబుర్లు చెబుతూ కూర్చుంటే అన్నం చల్లారుతుంది, చేప వెచ్చబడుతుంది, వంటవాడి మొహం మాడుతుంది. పెట్టిన వెంటనే నోట్లో వేసుకోవాలి, చేత్తోనే వేసుకోవచ్చు, అది మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సోయా ముందే పూసి ఇస్తారు, మళ్ళీ ముంచొద్దు. సాల్మన్ అడగొద్దు, టోక్యో పాత సంప్రదాయంలో అది లేదు, పచ్చి సాల్మన్‌ను 1980లలో జపాన్‌కు అలవాటు చేసింది నార్వే ఎగుమతిదారులు. "కొహదా" అనే చిన్న వెండిరంగు చేప వచ్చినప్పుడు మాత్రం శ్రద్ధగా తినండి. ఉప్పులో, వినిగర్‌లో ఎన్ని నిమిషాలు ఉంచాలన్నది చేప సైజును, కొవ్వును, ఆ రోజు వేడిని బట్టి మారుతుంది. పనివాడి చెయ్యి అక్కడ తెలుస్తుంది.

మాంసం వద్దంటే సరిపోదు

మనవాళ్ళకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. బుకింగ్‌లో "వెజిటేరియన్" అని రాస్తే చాలాచోట్ల మాంసం, చేప ముక్కలు తీసేస్తారు, దాషి అలాగే ఉంటుంది. వాళ్ళ దృష్టిలో అది చేప కాదు, నీళ్ళు. తకిఅవసెలో కూరగాయలన్నీ చేప దాషిలో ఉడికినవే. మిసో చారు, గుడ్డు పాయసంలాంటి చవన్‌ముషి, తెంపురా అనే బజ్జీలు అద్దుకునే రసం, కొన్ని ఊరగాయల మీద చల్లిన పొట్టు, అన్నింటిలో అదే. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేదు. దాషి పొద్దున్నే అయిపోయింది, కూరగాయలు మధ్యాహ్నమే అందులో ఊరాయి. పన్నెండు వంటకాల్లో తొమ్మిది వెనక్కి పోతాయి.

కాబట్టి వారం పది రోజుల ముందే, బుకింగ్ సమయంలోనే, మాంసం, చేప మాటలతో ఆగకుండా "సకానా నో దాషి మో తబెరారెమసెన్" అని రాయాలి, చేపతో చేసిన దాషి కూడా తినలేనని. చాలా రెస్టారెంట్లు కుదరదనేస్తాయి. అది అమర్యాద కాదు, నిజాయితీ. గొడ్డుమాంసం ఒక్కటే వద్దంటే ఏ చిక్కూ లేదు, ముందే చెబితే ఇంకోటి పెడతారు. మద్యం బొత్తిగా పనికిరాదంటే మిరిన్, వంట సాకె కూడా వద్దని విడిగా చెప్పాలి, రెండూ దాదాపు ప్రతి ఉడికించిన వంటకంలో పడతాయి.

పూర్తి శాకాహారులు కైసెకి వంటవాణ్ణి బతిమాలడం కన్నా షోజిన్ ర్యోరి వైపు వెళ్ళడం మేలు. బౌద్ధ మఠాల వంట అది. కొంబు, ఎండు షీతకెలతో దాషి తీస్తారు. కునినక చెప్పిన హెచ్చవేత ఇక్కడా జరుగుతుంది, చేప లేకుండానే. గుడ్డు ఉండదు, ఉల్లి వెల్లుల్లి ఉండవు. మడి వంట తెలిసిన ఇళ్ళవాళ్ళకు ఈ నియమాలు చిరపరిచితంగా ఉంటాయి. క్యోటో అరషియామాలో తెన్ర్యూజి ఆలయం లోపల షిగెత్సు అనే భోజనశాల మధ్యాహ్నం ఇది పెడుతుంది. ధర పెద్ద కైసెకితో పోలిస్తే చిన్న భాగమే, తోట టికెట్టు విడిగా కొనాలి. కోయసాన్ కొండ మీది మఠాల్లో రాత్రి బసతో పాటు ఇదే భోజనం. అక్కడి గోమదోఫు నువ్వుల పాలను కుజు దుంప పిండితో గరిటె ఆపకుండా తిప్పుతూ గట్టిపరిచింది. పేరులో తోఫు ఉన్నా సోయా చుక్క ఉండదు. గరిటె కాసేపు ఆగితే ఉండలు కడుతుంది, రాగి సంకటి తిప్పినవాళ్ళకు తెలిసిన బాధే.

డబ్బు, వేళ

పేరున్న చోట రాత్రి భోజనం మనిషికి 25,000 నుంచి 50,000 యెన్లు, ఆపైన కూడా. అదే వంటశాల మధ్యాహ్నం సగానికీ, అంతకు తక్కువకూ పెడుతుంది. చారు అదే చారు, వంటకాలు మూడు నాలుగు తగ్గుతాయి, ఖరీదైన చేప మారుతుంది. మొదటిసారికి మధ్యాహ్నమే తెలివైన పని. బుకింగ్‌లో చూపిన ధరకు సర్వీస్ చార్జి, పన్ను కలుస్తాయో లేదో ముందే చూసుకోండి. విడిగా కలిసేచోట లెక్క ఇలా ఉంటుంది: భోజనం 30,000, సర్వీస్ 10 శాతం చొప్పున 3,000, మొత్తం 33,000 మీద వినియోగ పన్ను 10 శాతం 3,300, వెరసి 36,300 యెన్లు. తాగేవి వేరే. సర్వీసు 15 శాతమయ్యే చోట్లూ ఉన్నాయి. టిప్పు ఇవ్వరు, బల్ల మీద వదిలేస్తే వీధి దాకా పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు.

కొన్ని పాత క్యోటో ఇళ్ళు పరిచయం లేని కొత్తవాళ్ళను తీసుకోవు. బిల్లు తర్వాత పంపి వసూలు చేసుకునే రోజుల నాటి నమ్మకపు ఏర్పాటు అది, మీ మీద కోపం కాదు. మంచి హోటల్లో దిగితే అక్కడివాళ్ళ ద్వారా కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. ఆ రోజు రద్దు చేస్తే మొత్తం డబ్బూ పోవడం మామూలే. పదార్థాలు మీ తలలు లెక్కపెట్టి కొన్నవి. ఆలస్యం కూడా అందుకే అంత నేరం. కౌంటరు దగ్గర ఎనిమిది మందికీ ఒకేసారి మొదలవుతుంది, చారు గిన్నెలు ఒకేసారి నిండుతాయి. క్యోటోలో బస్సుల్ని నమ్ముకోవద్దు. అలాగని అరగంట ముందు వెళ్ళి గుమ్మంలో నిలబడినా ఇబ్బందే. ఐదు నిమిషాల ముందు చాలు.

సెంటు పూసుకుని వెళ్ళొద్దు. మల్లెపూల దండా ఆ పూటకు వద్దు, యుజు తొక్క వాసన కోసం అంత తంటాలు పడ్డవాళ్ళ పక్కన అది అన్యాయం. చెక్క కౌంటరు మీద ఫోను, వాచీ పెట్టొద్దు. తతామి గదిలో గోడవార కాస్త ఎత్తుగా, చిత్రపటమో పువ్వో ఉండే అర మీద సంచి పెట్టొద్దు. చిన్న గిన్నెల్ని చేత్తో ఎత్తి నోటి దగ్గరకు తెచ్చుకోవడం అక్కడ మర్యాద; బొట్టు పడుతుందని ముద్ద కింద అరచెయ్యి పట్టడం కాదు. తినే పుల్లల్ని (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చడం, పుల్లల నుంచి పుల్లలకు ముక్క అందించడం రెండూ చావు ఇంటి పనులు. మిగతా పొరపాట్లు క్షమిస్తారు.

డబ్బు కట్టేశాక వంటవాడో, ఇంటి యజమానురాలో గుమ్మం దాటి వీధిలోకి వచ్చి సాగనంపుతారు. నాలుగడుగులు వేశాక వెనక్కి చూస్తే ఇంకా అక్కడే, వంగి ఉంటారు. సందు మలుపు దగ్గర ఒక్కసారి తిరిగి తల వంచండి. మీరు కనుమరుగయ్యేదాకా వాళ్ళు లోపలికి వెళ్ళరు. అందుకని ట్యాక్సీ కోసం ఫోను చూసుకుంటూ గుమ్మం ముందే నిలబడకండి. డిసెంబరు చలిలో కూడా, పల్చటి కిమోనోలో, మీతో పాటే నిలబడి ఉంటారు.